సూర్యుడు అక్కర్లేని ఆల్చిప్పలు లేవు

సముద్రపు లోతుల్లోని జీవజాలం గురించి తెలుగులో ఎవరు రాసినా ఒక మాట దాదాపు తప్పకుండా పడుతుంది: సూర్యుడితో ఏ సంబంధమూ లేకుండా బతికే ప్రాణులు అక్కడ ఉన్నాయి, అని. వినడానికి బాగుంటుంది, ఆదివారం అనుబంధానికి శీర్షికగానూ పనికొస్తుంది. అయితే సముద్రగర్భంలో మీథేన్ ఊరే చోట్ల, అంటే శాస్త్రజ్ఞులు కోల్డ్ సీప్‌లు అని పిలిచే చోట్ల, బ్యాక్టీరియాను ఒంట్లో పెట్టుకుని బతికే ఆల్చిప్పలకు ఆ మాట వర్తించదని నా వాదన. ఇది క్విజ్ పోటీలో ఒక మార్కు పోయే పాటి పొరపాటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. ఆ ఆల్చిప్పలు కృష్ణా, గోదావరి నదులు కలిసే బంగాళాఖాతం అడుగున కూడా ఉన్నాయి. వాటిని మనకు సంబంధించని వేరే లోకపు జీవులుగా చూస్తామా, మన నదులు మోసుకొచ్చిన దాని మీద బతుకుతున్న జీవులుగా చూస్తామా అన్నదాన్ని బట్టే రేపు అక్కడ మనం ఏం చేస్తామో, ఎంత జాగ్రత్తగా చేస్తామో ఉంటుంది.

1977లో గాలపాగోస్ దీవుల దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతుకు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవారు వేడినీటి బుగ్గల చుట్టూ గుంపులు గుంపులుగా పెరిగిన ఆల్చిప్పలను, గొట్టపు పురుగులను చూశారు. భూగర్భపు వేడి వల్లనే అంత జీవం సాధ్యమైందేమోనన్న ఊహ ఎంతోకాలం నిలవలేదు. ఛార్లెస్ పాల్, ఆయన సహచరులు మెక్సికో సింధుశాఖలో, ఫ్లోరిడా గట్టు పాదం దగ్గర, 3,200 మీటర్లకు పైబడిన లోతులో, వేడినీరన్నదే లేని చోట అలాంటి గుంపులనే కనుగొన్నట్టు 1984లో ప్రకటించారు. ఆ తర్వాత 1986లో జేమ్స్ చిల్డ్రెస్ బృందం అదే సింధుశాఖలో చమురు, గ్యాసు ఊరే చోటి నుంచి తెచ్చిన ఒక మసెల్ జాతి ఆల్చిప్ప మీథేన్‌ను వేగంగా పీల్చుకుంటోందని, ఆ పని చేస్తున్నవి దాని మొప్పల్లోని బ్యాక్టీరియా అని ప్రయోగం చేసి చూపింది. రెండేళ్ల తర్వాత, కార్బన్‌కూ శక్తికీ మీథేన్ ఒక్కటే ఆధారంగా ఇచ్చినా ఆ ఆల్చిప్పలు పెరుగుతాయని మరో బృందం నిరూపించింది.

ఆ ఆల్చిప్పను తెరిస్తే ముందుగా కంటికి ఆనేవి మొప్పలే. మామూలు ఆల్చిప్పలో మొప్పలు నీటిని వడకట్టుకునే పల్చని పొరలు. ఈ జాతుల్లో అవి దళసరిగా, కండపట్టి ఉంటాయి. మొప్పల తంతువుల పొడవునా బ్యాక్టీరియాకు ఆశ్రయమిచ్చే ప్రత్యేక కణాలు ఉంటాయి, ఒక్కో కణంలో చిన్న చిన్న అరల నిండా బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది. మీథేన్‌ను తినే రకాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే దాని లోపల పొరలు దొంతరలుగా కనబడతాయి. మీథేన్‌ను ఆక్సీకరించే ఎంజైము ఉండేది ఆ పొరల్లోనే. నీరు మొప్పల మీదుగా సాగుతున్నప్పుడు అందులోని మీథేన్, ఆక్సిజన్ రెండూ కణాల్లోకి చేరతాయి, బ్యాక్టీరియా వాటితో పెరుగుతుంది, పెరిగినదాంట్లో కొంత భాగాన్ని ఆల్చిప్ప తన కణాల్లోనే అరిగించుకుంటుంది. సహజీవనం అనగానే మనం స్నేహమని అర్థం చెప్పుకుంటాం గానీ ఇక్కడ జరుగుతున్నది పెంచడం, పెంచినదాన్ని తినడం. ఊళ్లో కోళ్లు పెంచేవారెవరూ దాన్ని సహజీవనం అనరు. కొన్ని జాతులు ఒక్క రకంతో సరిపెట్టుకోవు: సల్ఫైడ్‌ను వాడుకునే బ్యాక్టీరియాను, మీథేన్‌ను వాడుకునే బ్యాక్టీరియాను ఒకే కణంలో పక్కపక్కన ఉంచుకుంటాయి. మెక్సికో సింధుశాఖలోని ఒక జాతి మొప్పల్లో నాలుగు రకాలు ఉన్నట్టు 2007లో తేలింది.

ఇదే చోట్ల కనబడే వెసికోమిడ్ కుటుంబపు గుల్లల ఏర్పాటు ఇంకా విచిత్రమైనది. ఈ గుల్ల ఒంటిని సగం దాకా బురదలో దిగేసుకుని, పొడవుగా సాగే పాదాన్ని కిందికి చాచి, బురదలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పాదం ద్వారా లోపలికి తీసుకుంటుంది. సల్ఫైడ్ మన ఊపిరిని ఆపినట్టే చాలా జంతువుల ఊపిరినీ ఆపే విషం. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే వాయువు ఇదే. ఈ గుల్ల రక్తంలో జింక్ కలిసిన ఒక పదార్థం సల్ఫైడ్‌ను గట్టిగా పట్టి ఉంచి, కణాలకు హాని జరగకుండా మొప్పల్లోని బ్యాక్టీరియా దాకా చేరుస్తుంది. హిమోగ్లోబిన్ ఉండటం వల్ల ఆ రక్తం ఎర్రగా ఉంటుంది. ఆల్చిప్పల్లో అది అరుదు. జీర్ణకోశం కుంచించుకుపోయి పేరుకు మాత్రం మిగిలింది. తల్లి తన బ్యాక్టీరియాను గుడ్డులోనే పెట్టి సంతానానికి అందిస్తుంది. తరతరాలుగా ఇలా లోపలే ఉండిపోవడం వల్ల ఆ బ్యాక్టీరియా బయట బతకడానికి కావలసిన జన్యువులు చాలావరకు పోగొట్టుకుంది: జపాన్ సగామి అఖాతపు గుల్లలోని బ్యాక్టీరియా జన్యుపటం పది లక్షల డీఎన్ఏ అక్షరాలకు కాస్త మించి ఉంటుంది, మన పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియాకు అది నలభై లక్షలు దాటుతుంది.

ఆ గుల్ల బురదలో దిగి ఉన్న తీరే నా వాదనకు మొదటి సాక్ష్యం. పాదం సల్ఫైడ్ ఉన్న బురదలో ఉంటుంది, నీటిని పీల్చే గొట్టాలు మాత్రం పైకి, ఆక్సిజన్ ఉన్న నీటిలోకి తెరుచుకుని ఉంటాయి. బురదలోని సల్ఫైడ్ ఒక్కటే చాలితే దానికి పైకి తెరుచుకోవలసిన పని లేదు. చిల్డ్రెస్ బృందం చూసిన ఆల్చిప్ప కూడా ఆక్సిజన్ ఉన్నప్పుడే మీథేన్‌ను వాడుకోగలిగింది, మీథేన్ ఇచ్చినప్పుడు దాని ఆక్సిజన్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. ఒక మీథేన్ అణువును పూర్తిగా ఆక్సీకరించడానికి రెండు ఆక్సిజన్ అణువులు కావాలి. ఆ ఆక్సిజన్ వెయ్యి మీటర్ల చీకట్లో తయారైనది కాదు. బంగాళాఖాతం లోతుల్లోని చల్లని నీరు దక్షిణ మహాసముద్రం వైపు నుంచి వచ్చినది. ఒకప్పుడు అది ఉపరితలం మీద గాలిని తాకి ఆక్సిజన్‌ను కలుపుకుని మునిగింది. ఆ గాలిలోని ఆక్సిజన్ ఆకులు, నాచు, నీటిలో తేలే సూక్ష్మమైన ప్లవకాలు ఎండలో చేసిన పని ఫలితం. ఎండ అనేది లేకుండా పోతే ఈ ఆల్చిప్పలకు ఆ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టవచ్చు గానీ, తెలిసిన రోజున అవి ఆహారం ఉండగానే ఊపిరాడక పోతాయి.

ఇక ఆహారం సంగతి. మీథేన్ ఎక్కడిదో చెప్పే గుర్తు ఆల్చిప్ప మాంసంలోనే ఉంటుంది. కార్బన్‌లో బరువైన రకం, తేలికైన రకం ఉన్నాయి. ప్లవకాలను తినే మామూలు సముద్ర జీవుల మాంసంలో తేలికైనదానితో పోలిస్తే బరువైనది ఎంత ఉందో కొలిస్తే ప్రమాణం కంటే వెయ్యికి 20 పాళ్లు, కాస్త అటూ ఇటూగా, తక్కువ వస్తుంది. ఫ్లోరిడా గట్టు ఆల్చిప్పలలో అది వెయ్యికి 74 పాళ్లు తక్కువ. అంత తేలికైన కార్బన్ సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్ నుంచి తప్ప వేరే దారిలో రావడం కష్టం. 1987లో లూసియానా తీరపు వాలు మీది ఆల్చిప్పలనూ గొట్టపు పురుగులనూ పరీక్షించినప్పుడు వాటి ఒంట్లో ఉన్నది చాలావరకు, కాలక్రమేణా తరిగిపోయే కార్బన్-14 అడుగంటిన, అంటే ఏనాడో భూమిలో కూరుకుపోయిన కార్బన్ అని తేలింది. సూర్యుడితో సంబంధం లేదనేవారు ఈ ఫలితాన్ని తమ పక్షాన చూపుతారు. నాకు ఇది సరిగ్గా తిరగబడి కనిపిస్తుంది: ఆ చమురూ ఆ గ్యాసూ ఒకప్పుడు ఎండలో పెరిగిన ప్లవకాలు, మొక్కల శేషాలు. ఇవాళ్టి సూర్యుడితో సంబంధం లేదని అనవచ్చు, సూర్యుడితోనే లేదని అనడం వేరు.

ఈ భేదం మన తీరంలో మరీ స్పష్టంగా కనబడుతుంది. భారత గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో పరిశోధించినప్పుడు, ఒకచోట సముద్రపు అడుగు బురద పగుళ్లలో 128 మీటర్ల మందాన హైడ్రేట్ బయటపడింది. హైడ్రేట్ అంటే చలికీ ఒత్తిడికీ నీటి అణువుల పంజరంలో మీథేన్ చిక్కుకుని మంచుగడ్డలా మారిన పదార్థం. ఒక ఘనపు మీటరు గడ్డ కరిగితే దాదాపు 164 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. ఆ చుట్టుపక్కలే బురదలో పూడిపోయిన పాత గుల్లలు, సున్నపురాయి ముక్కలు దొరకడంతో అక్కడ ఒకప్పుడు మీథేన్ ఊటలు ఉండేవని గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థకు చెందిన అనింద మజుందార్, ఆయన సహచరులు 2009లో రాశారు. పదేళ్ల తర్వాత, 2019లో, అదే బృందం ఇప్పటికీ ఊరుతున్న చోట్లను కనుగొన్నట్టు ప్రకటించింది: 900 నుంచి 1,800 మీటర్ల లోతు, నీటిలోకి ఎగసే గ్యాసు బుడగల ధారలు, సముద్రపు అడుగుకు రెండు మూడు మీటర్ల కిందే హైడ్రేట్, చుట్టూ నాలుగు కుటుంబాల ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు, నత్తలు. భారత ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే సముద్ర వనరుల మీద మన దేశానికి హక్కున్న పరిధిలో, సజీవంగా ఉన్న కోల్డ్ సీప్ గురించి వచ్చిన మొదటి నివేదిక అది.

ఆ మీథేన్‌లో అత్యధిక భాగం బురదలోని సూక్ష్మజీవులు తయారుచేసినదని 2006 నాటి నమూనాల విశ్లేషణలు చూపాయి. ఆ బురద ఎక్కడిది? నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి, మహాబలేశ్వరం నుంచి బయలుదేరిన రెండు నదులు దక్కన్ నల్లరేగడిని, ఆకూ అలమునూ, అడవుల మట్టినీ యుగాల తరబడి మోసుకొచ్చి సముద్రంలో దింపాయి. వాటితో పాటు సముద్రపు పైపొరలో చచ్చిన ప్లవకాలు రాలాయి. ఒకదాని మీద ఒకటి వేగంగా పేరుకున్న పొరల బరువుకు కింది బంకమన్ను పైకి పొంగి, పొరలు పగిలి, గ్యాసుకు పైకి దారులు ఏర్పడ్డాయి. అంటే ఆహారమే కాదు, ఆ ఆహారం పైకి వచ్చే దారి కూడా నదుల బురద పెట్టిన భిక్షే. ఇక్కడ కోనసీమ గ్యాసును దీనితో కలపకూడదు. పాశర్లపూడి చుట్టుపక్కల బావుల్లో వచ్చేది లోతైన పాత శిలల్లో వేడికి తయారైన గ్యాసు, దాని కథ వేరు. బేసిన్ పేరు ఒకటే కావడం వల్ల మన పత్రికలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాయి.

సల్ఫైడ్ దగ్గరికి వస్తే లెక్క ఇంకో మెట్టు పైకి వెళుతుంది. మీథేన్ పైకి వచ్చే దారిలో, బురదలో ఆక్సిజన్ లేని పొరల్లో, ఆర్కియా జాతి సూక్ష్మజీవులు, బ్యాక్టీరియా జతకట్టి సముద్రపు నీటిలోని సల్ఫేట్‌తో మీథేన్‌ను ఆక్సీకరిస్తాయి. ఒరెగాన్ తీరంలోని హైడ్రేట్ రిడ్జ్ నుంచి తీసిన బురదలో ఈ జంటలను ఆంట్యే బోఎటియస్ బృందం 2000లో చూపించింది. గుల్లలకు కావలసిన సల్ఫైడ్ వచ్చేది ఈ చర్య నుంచే, ఊటల చుట్టూ సున్నపురాయి పేరుకునేదీ దీనివల్లే. మరి సముద్రంలో అంత సల్ఫేట్ ఎక్కడిదంటే, అందులో పెద్ద భాగం నేల మీద రాళ్లలోని ఇనుప సల్ఫైడ్‌ను గాలిలోని ఆక్సిజన్ తుప్పు పట్టించగా నదులు తెచ్చినదే. గాలిలో ఆక్సిజన్ పెరగకముందు, అంటే సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితానికి ముందు, సముద్రాల్లో సల్ఫేట్ బహు తక్కువ.

అన్నిటికంటే నాకు గట్టిగా తోచే సాక్ష్యం మాత్రం రసాయనాల్లోది కాదు, బాల్యానికి సంబంధించినది. మసెల్ జాతి ఆల్చిప్ప పిల్ల తన బ్యాక్టీరియాతో పుట్టదు. ఊట దగ్గర స్థిరపడిన తర్వాతే చుట్టుపక్కల నీటి నుంచి దాన్ని సంపాదించుకుంటుంది. అంతకుముందు అది కంటికి ఆనని లార్వా. 1986 ప్రయోగంలో వాడిన జాతికి తర్వాత చిల్డ్రెస్ పేరే పెట్టారు. మెక్సికో సింధుశాఖలోని ఆ జాతి లార్వాలు ఊటను వదిలి సముద్రపు పైపొరల దాకా ఎక్కుతాయని, వలల్లో ఉపరితలం దగ్గరే దొరికాయని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అవి తిని పెరిగే లార్వాలు, నెలల తరబడి నీటిలో తేలుతూ దూరాలు పోతాయి, పైపొరలో వాటికి దొరికేది ఎండలో పెరిగిన ప్లవకాలే. పెద్దయ్యాక జీవితమంతా చీకట్లో మీథేన్ మీద గడిపే జంతువు చిన్నతనంలో వెలుతురులో మేసి వస్తుందన్నమాట. కృష్ణా-గోదావరి ఊటల ఆల్చిప్పల విషయంలోనూ ఇదే జరుగుతున్నట్లయితే, నదుల మంచినీరు కప్పిన బంగాళాఖాతపు పైపొర మీద, పోషకాలు పలచబడిన ఆ నీటి మీద కూడా వాటి సంతతి ఆధారపడి ఉంటుంది. ఎవరైనా పరిశోధక విద్యార్థి అంశం వెతుక్కుంటుంటే ఇంతకంటే మంచిది నేను చూపలేను.

దీనికి ఒక బలమైన జవాబు ఉంది, దాన్ని దాటవేయకూడదు. భూమి లోతుల్లో నీరు రాళ్లతో చర్య జరిపినప్పుడు పుట్టే హైడ్రోజన్‌తో, ఆక్సిజన్ అవసరమే లేకుండా బతికే సూక్ష్మజీవులు నిజంగానే ఉన్నాయి. సూర్యుడు లేకపోయినా వాటి బతుకు సాగుతుందని నేనూ ఒప్పుకుంటాను. వేరే గ్రహాల మీద జీవాన్ని వెతికేవారు వాటినే చూపాలి. నా అభ్యంతరమల్లా ఆ గౌరవాన్ని ఆల్చిప్పలకు అంటగట్టడం మీద. గుండె, మొప్పలు, కండరాలు ఉన్న జంతువు ఆ స్థాయిలో శక్తి వాడాలంటే ఆక్సిజన్ కావాలి. వేడినీటి బుగ్గల దగ్గరి ఆల్చిప్పలకు రాళ్ల నుంచి వచ్చే సల్ఫైడ్, హైడ్రోజన్ అందుతాయి గనుక వాటి ఆహారం ఎండకు కొంత దూరమే, కానీ ఊపిరి మాత్రం ఎండదే. మీథేన్ ఊటల ఆల్చిప్పలకైతే ఊపిరీ ఎండదే, చాలాచోట్ల ఆహారమూ పాత ఎండదే.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ హైడ్రేట్ గురించి మన దగ్గర జరిగే చర్చంతా నిక్షేపాల చర్చే. 2015లో చిక్యూ అనే జపాన్ నౌకతో జరిగిన రెండవ విడత తవ్వకాల్లో ఇసుక పొరల్లో దట్టమైన హైడ్రేట్ దొరికిందని, అది ఉత్పత్తికి అనువైనదని ప్రకటించినప్పుడు పత్రికలు దేశపు ఇంధన సమస్య తీరినట్టే రాశాయి. అదే నౌకతో జపాన్ 2013 మార్చిలో నన్‌కాయ్ అగాధం దగ్గర సముద్రంలో ప్రపంచంలోనే మొదటి ఉత్పత్తి పరీక్ష చేసింది. లక్ష ఘనపు మీటర్లకు పైగా గ్యాసు తీసిన తర్వాత, ఆరో రోజున ఇసుక బావిలోకి వచ్చిపడటంతో ఆపవలసి వచ్చింది. సాంకేతికంగా ఇంకా కుదురుకోని పని ఇది. ఉత్పత్తికి చూస్తున్న ఇసుక పొరలు సముద్రపు అడుగుకు వందల మీటర్ల కింద ఉన్నాయి, ఆల్చిప్పల ఊటల కింద రెండు మూడు మీటర్లలో ఉన్న హైడ్రేట్‌ను ఎవరూ తవ్వబోవడం లేదు. ఆ మాట నిజమే, తవ్వకాన్ని వ్యతిరేకించేవారు ఈ రెండింటినీ కలిపేసి భయపెట్టడం నాకు నచ్చదు. కానీ పొరల్లో ఒత్తిడి తగ్గించి గ్యాసు తీసే పద్ధతిలో నేల ఎలా కుంగుతుంది, పగుళ్ల దారులు ఎలా మారతాయి అన్న ప్రశ్నలు ఊటలకు నేరుగా తగులుతాయి. ఊట దారి పక్కకు తొలిగితే, పాదం మీద కొద్ది దూరమే జరగగల గుల్లలకు వెంటాడి వెళ్లే శక్తి లేదు.

సూర్యుడితో, మనతో సంబంధం లేని జీవులు అని పిలిచినంతకాలం ఈ ప్రశ్నలు ఎవరివీ కావు. సముద్రపు అడుగున వలలీడ్చే చేపలవేటకు సంబంధించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాల్లో ఊటల, బుగ్గల జీవసముదాయాలు సులువుగా దెబ్బతినే వాటికి ఉదాహరణలుగా ఉన్నాయి. అవి దేశాల పరిధికి ఆవలి సముద్రానికి సంబంధించినవి. మన పరిధిలోని ఈ ఊటలకు అలాంటి హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ నుంచి గట్టిగా అడిగిన గొంతు నాకు వినబడలేదు. గోదావరి మీద ఆనకట్ట ఎత్తు గురించి గంటలు గంటలు వాదించగల మనం, అదే గోదావరి తెచ్చిన ఒండ్రు చివరికి ఏమవుతోందో ఒక్క ముక్క మాట్లాడుకోం.

నేను అడిగేది తవ్వకం మానమని కాదు. మొదటి ఉత్పత్తి పరీక్షకు ముందే ప్రతి ఊటకూ హద్దులు గీసి, అక్కడి నుంచి ఏడాది పొడవునా ఎంత గ్యాసు వస్తోందో, బురదలోని సూక్ష్మజీవులు, ఆల్చిప్పలు అందులో ఎంత తినేస్తున్నాయో కొలిచి, ఆ కొలతలను బహిరంగంగా ఉంచాలి. ఆరు వేల మీటర్ల లోతుకు మనుషులను దించడానికి తయారవుతున్న మత్స్య-6000 వాహనానికి 1,800 మీటర్లు పెద్ద లోతు కాదు. కొలవవలసింది ఇప్పుడే. ఆ ఊటల నుంచి బుడగలు ఇప్పటికే ఎగస్తున్నాయి గనుక, పరీక్ష మొదలయ్యాక ఏ కొత్త లీకు కనబడినా అది ముందునుంచీ ఉన్నదేనని చెప్పడం బావి తవ్వినవారికి చాలా తేలిక, పాత లెక్క చేతిలో లేకపోతే కాదనడం మనకు అసాధ్యం.